రోన్ నది వెంట గాలిదారి

స్విట్జర్లాండ్‌లో ఫుర్కా కనుమ పక్కనున్న హిమానీనదం కరిగి రోన్ నది పుడుతుంది. వాలే లోయలో పడమరకు సాగి, మార్టిన్యీ దగ్గర ఒక్కసారిగా ఉత్తరానికి తిరిగి, జెనీవా సరస్సులో దూరి అవతలి కొసన మళ్లీ నదిగా బయటపడుతుంది. సుమారు 812 కిలోమీటర్ల ఈ నదిని జనం ద్రాక్షతోటల కోసమో రోమన్ కట్టడాల కోసమో చూడబోతారు. విండ్‌సర్ఫింగ్ వేగం గురించి ఆలోచించేవారికి మాత్రం అసలు కథ లియోన్‌లో మొదలవుతుంది. అక్కడ సోన్ నదిని కలుపుకుని రోన్ దక్షిణానికి మళ్లుతుంది. ఇక పడమట మాసిఫ్ సెంట్రల్ పీఠభూమి, తూర్పున ఆల్ప్స్. నడుమ నీటికీ గాలికీ ఒకటే దారి. వేగం పెరగాలంటే అందరూ ముందు బోర్డునూ తెరచాపనూ మార్చే పనిలో పడతారు. ముందు చూడాల్సింది చోటును అని నేనంటాను, ఆ మాటకు ఈ లోయే సాక్ష్యం.

బిస్కే అఖాతం వైపు అధిక పీడనం, ఇటలీలోని జెనోవా తీరాన అల్పపీడనం ఏర్పడితే ఉత్తరాది చల్లగాలి ఈ లోయలోకి తోసుకొస్తుంది. అదే మిస్ట్రల్. కొండల నడుమ ఇరుకున పడ్డకొద్దీ దాని జోరు హెచ్చుతుంది. గంటకు నూరు కిలోమీటర్లు దాటడం అక్కడ వింతేమీ కాదు. దీనికి వాతావరణ శాఖ లెక్కలే అక్కర్లేదు. దిగువ లోయలో పాతకాలపు రైతుల ఇళ్లు చూడండి, ఉత్తరపు గోడకు కిటికీలు పెట్టుకోలేదు. తోటలకు ఆ వైపున సైప్రస్ చెట్లను దడిలా, తూర్పు పడమరలుగా బారు తీర్చి నాటారు. గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో అంత ఖాయంగా తెలిసిన చోట్లు లోకంలో తక్కువ.

ఆర్ల్ దగ్గరికి వచ్చేసరికి, ధవళేశ్వరం దిగువన గోదావరి చీలినట్టే, రోన్ రెండు పాయలవుతుంది. ఆ పాయల నడుమ కామార్గ్: ఉప్పు మడుగులు, తెల్ల గుర్రాలు, ఫ్లెమింగోలు; గాలికి అడ్డొచ్చే గుట్టొక్కటి లేదు. చిన్న పాయ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, సెంత్-మరీ-ద-ల-మేర్ ఊరి పక్కన, వేగపు పరుగుల కోసమే తవ్విన సన్నని కాలువ ఉంది. గాలి నీటి మీద ఎంత దూరం నడిస్తే అల అంత ఎదుగుతుంది. కాలువ సన్నదైతే అలకు ఎదిగే వ్యవధి దొరకదు. పెనుగాలిలోనూ గట్టు వారన నీళ్లు చిరు ముడతలతోనే ఉంటాయి. అందుకే విండ్‌సర్ఫర్లు గాలి వచ్చే వైపు గట్టును దాదాపు రాసుకుంటూ పోతారు. ఇక కోణం. గాలికి ఎదురెళ్లడం కుదరదు, సూటిగా గాలివాలున పోతే గాలి వేగాన్ని మించడం కుదరదు. వెనుక పక్క నుంచి ఏటవాలుగా తగిలితేనే అత్యధిక వేగం. గాలి దిక్కు ముందే తెలిసిన చోట కాబట్టి కాలువను ఆ కోణానికి సరిపడేలా తవ్వగలిగారు.

ఇప్పుడు సరంజామా మాట. బోర్డు వెడల్పు 40 సెంటీమీటర్ల చుట్టుపక్కల, తెరచాప ఐదారు చదరపు మీటర్లు. తెరచాపను కిందికి బిగించే డౌన్‌హాల్ తాడును గట్టిగా లాగితే మాస్ట్ (తెరచాప కొయ్య) వంగి, తెరచాప పైభాగంలో వెనుక అంచు వదులవుతుంది. గాలి ఒక్క ఊపున విసిరినప్పుడు ఆ అంచు తెరుచుకుని మిగులు బలాన్ని వదిలేస్తుంది. మనిషి చేత్తో పట్టుకునే కడ్డీ, బూమ్, మీద పట్టు సడలించనక్కర్లేదు. బోర్డు అడుగున ఉండే ఫిన్ పెద్దదైతే నీటిలో ఈడ్పు పెరుగుతుంది. మరీ చిన్నదైతే దాని పక్కకు గాలి చొరబడి పట్టు పోతుంది, బోర్డు తోక పక్కకు జారిపోతుంది. మాస్ట్ పాదాన్ని ముందుకు జరిపితే బోర్డు ముక్కు అణుగుతుంది, వెనక్కి జరిపితే బోర్డు తేలికపడుతుంది. నున్నటి నీటి మీదైతేనే ఆ తేలికతనం పనికొస్తుంది. ఈ సవరణలన్నీ గాలి, నీరు వేసే ప్రశ్నలకు జవాబులు. ప్రశ్న మారితే జవాబు చెల్లదు: ఇదే బోర్డును అలల సముద్రంలో వేస్తే నిలబడటమే గగనం.

ముందు చోటే అన్న నా మాటకు గట్టి అభ్యంతరమే ఉంది. 500 మీటర్ల సగటు వేగంలో విండ్‌సర్ఫర్ ఎరిక్ బీల్ 1988లో సెంత్-మరీ దగ్గర 40.48 నాట్స్ అందుకున్నాడు. 1993లో తియెరీ బియెలాక్ 45.34, 2005లో ఫినియన్ మేనార్డ్ 48.70, 2008లో ఆంట్వాన్ అల్బో 49.09 నాట్స్, అంటే గంటకు 91 కిలోమీటర్ల దరిదాపు. అదే ఊరు, అదే మిస్ట్రల్; మరి పెరిగింది సరంజామా, నేర్పు కాదా? నిజమే, కాదనను. కానీ ఆ పెరుగుదల తీరు గమనించాలి. మొదటి ఐదేళ్లలో దాదాపు ఐదు నాట్స్ వచ్చాయి, తర్వాతి పదిహేనేళ్లలో నాలుగు కూడా రాలేదు. చోటు ఇవ్వగలిగిందంతా ఇచ్చేశాక ఎంత సవరించినా పెరిగేది కొసరే. అల్బో 53.27 నాట్స్ సాధించింది 2015లో, నమీబియాలోని లూడెరిట్జ్ తీరాన ఇసుకలో తవ్విన మరో కాలువలో. ఆ ఏడేళ్లలో బోర్డులూ మెరుగయ్యాయి, ఆ వాటా తీసేయలేం. అయినా ఆ మెరుగైన బోర్డును పట్టుకుని ఆయన వెళ్లింది కొత్త చోటికే. అక్కడ పరుగు ఎప్పుడూ ఒకే వైపు కాబట్టి, ఫిన్‌నే రెండు పక్కలా సమానంగా కాకుండా ఆ ఒక్క దిశకే పనికొచ్చేలా చెక్కించుకునేవారున్నారు.