“ఏం కాదులే” అనే మాట

దసరా సెలవులు వస్తున్నాయంటే మా ఇళ్ల మధ్య ఫోన్లు మొదలవుతాయి. నేను సూర్యాపేటలో, మా ఆడపడుచు కోదాడలో, మా చెల్లెలు మిర్యాలగూడలో. మూడు కుటుంబాలు కలిస్తే పెద్దవాళ్లం ఆరుగురం, పిల్లలు ఏడుగురు. ఈసారి అందరం నాగార్జునసాగర్ వెళదామనుకున్నాం. పులిహోర నాది, పెరుగన్నం చెల్లెలిది, సకినాలు ఆడపడుచువి. అంతా అయిదు నిమిషాల్లో తేలిపోయింది.

“ఇంకేముంది వదినా, బండి మాట్లాడితే అయిపోయినట్టే” అంది మా ఆడపడుచు.

నాకు మాత్రం అక్కడితో అయిపోలేదు. పోయిన సంక్రాంతి గుర్తొచ్చింది.

ఆ రోజు మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ గట్టు మీద ఆగాం. చెల్లెలి చిన్నోడు కాళ్లు కడుక్కుంటానన్నాడు. నేను వద్దంటుంటే మావారు “ఏం కాదులే, ఒడ్డునే కదా” అన్నారు. కాలువ లైనింగు ఏటవాలుగా ఉంటుంది, దాని మీద పాచి. వాడు జర్రున జారిపోయాడు. ఎక్కుదామంటే పట్టు దొరకదు. అక్కడ బర్రెలు మేపుకుంటున్న ఒక పెద్దాయన తువ్వాలు విసిరి లాగాడు. వాడికి మోకాళ్లు గీసుకుపోయాయి, అంతే. ఆ సంగతి మావారు మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

అందుకే ఈసారి బయల్దేరే ముందు రోజు అందరినీ ఫోన్లో కూర్చోబెట్టాను. నీళ్ల దగ్గర ఏం చేయాలన్నది నీళ్ల దగ్గర నిలబడి మాట్లాడుకుంటే పిల్లల ఏడుపు గెలుస్తుంది. ఇంట్లోనే ఒప్పందం అయిపోవాలి.

నాలుగే మాటలు చెప్పాను. ఒకటి, నాగార్జునకొండకు లాంచీ ఎక్కితే, అది కదలకముందే పెద్దాచిన్నా అందరూ లైఫ్ జాకెట్టు బిగించుకోవాలి. సరిపడా లేకపోతే ఎక్కం. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగిన సంగతి మనం మరిచిపోలేదు కదా. రెండు, డ్యామ్ దిగువన నదిలో రాళ్ల మీదికి ఎవరూ దిగకూడదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో ఫొటోలు దిగుతున్న మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకుపోయింది, పైనున్న డ్యామ్ నుంచి నీళ్లు వదిలినందుకే. మూడు, ఎత్తిపోతలను పైనుంచే చూడాలి. కింద మడుగులో మొసళ్లుంటాయి. నాలుగు, పిల్లలు నీళ్ల దగ్గరున్నంతసేపు ఒక పెద్దవాళ్లు కాపలా. గంటకొకరు, ఫోను సంచిలో.

“అందరం ఉంటాం కదక్కా, వేరే కాపలా ఎందుకు?” అంది చెల్లెలు.

“సంక్రాంతికీ అందరం ఉన్నామే” అన్నాను. అవతల ఎవరూ మాట్లాడలేదు. అందరూ చూస్తున్నారని ఎవరికి వారం అనుకుంటే ఎవరం చూడనట్టే.

వెళ్లాం. అన్నీ బాగా జరిగాయి. కొండ మీద మ్యూజియంలో శిల్పాలు చూశాం, చెట్ల కింద సద్ది విప్పుకున్నాం. చీకట్లో మిర్యాలగూడ రైసు మిల్లుల లారీల మధ్య పడకూడదని పొద్దు ఉండగానే తిరుగు ప్రయాణం పెట్టుకున్నాం.

దానికి ముందు కాసేపు స్నానాల ఘాట్ దగ్గర ఆగాం. మొదటి గంట కాపలా మావారిది. సకినాలు ఇస్తే “తర్వాత” అన్నారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, పిల్లలకంటే రెండు మెట్లు కింద నిలబడ్డారు. ఇంటర్ చదివే మావాడు ఇంకొంచెం లోపలికి పోతానని బతిమాలాడు. “ఏం కాదు నాన్నా, నాకు ఈత వచ్చు.”

మావారు ఒక్క క్షణం చెల్లెలి చిన్నోడి వైపు చూశారు. “ఆ మాట నేనూ ఒకసారి అన్నాను. పైకి రా” అన్నారు.

వాడు మూతి ముడుచుకుని పైకొచ్చి నా పక్కన కూర్చున్నాడు. వాడి చేతిలో రెండు సకినాలు పెట్టాను.