ఏ అలవాట్లూ లేవు

పొద్దున్న ఆరున్నరకి లాగిన్ అవుతాను. దానవాయిపేటలో మా ఇంటి వెనక గదే నా ఆఫీసు. 2020లో హైదరాబాద్ నుంచి వచ్చేశాక మళ్ళీ వెళ్ళలేదు. నేనేం చేస్తానని ఎవరైనా అడిగితే మా అమ్మ "అమెరికా హాస్పిటళ్ళకి లెక్కలు రాస్తదండి" అంటుంది. అంత తప్పేం కాదు. అక్కడి డాక్టరు రాసిన మాటలు చదివి, ఒక్కో మాటకీ ఒక నంబరు వెయ్యడం నా పని. ఆ నంబరు చూసి ఇన్సూరెన్సు కంపెనీ డబ్బిస్తుంది, లేదా ఇవ్వనంటుంది. బీఫార్మసీ అయ్యాక అమీర్‌పేటలో నాలుగు నెలలు కూర్చుని నేర్చుకున్న విద్య ఇది.

ఎముకలు, గుండె అన్నీ తిరిగి ఇప్పుడు సైకియాట్రీకి వచ్చాను. అక్కడి చార్టుల సంగతి ఒక్కటీ ఇక్కడ చెప్పను, చెప్పకూడదు కూడా. కోడ్ పుస్తకంలో ఉన్నది మాత్రం ఎవరైనా చదువుకోవచ్చు.

అమెరికా ఈ ఐసీడీ-10 పుస్తకాన్ని 2015 అక్టోబరు 1 నుంచి వాడుతోంది. అందులో మత్తు పదార్థాలకి వరసగా గదులున్నాయి. మందు ఎఫ్10, నల్లమందు జాతివి ఎఫ్11, గంజాయి ఎఫ్12. లేనివి ఉన్నట్టు చూపించేవి, అంటే ఎల్‌ఎస్‌డీ, కొన్ని రకాల పుట్టగొడుగులు, పీసీపీ లాంటివి ఎఫ్16. (మన చేలగట్ల మీద ఉమ్మెత్తకాయ తెలియక తిని పిచ్చిమాటలు మాట్లాడేవాడు ఇందులోకి రాడు. వాడు విషాల విభాగంలో, మొక్కలు తిన్నవాళ్ళ కింద, టీ62.2 లో ఉంటాడు.) ఒక్కో గదిలో మూడు అరలు: అబ్యూజ్, డిపెండెన్స్, యూజ్. ఎఫ్16.1 తో మొదలైతే చెడుగా వాడటం, 16.2 అయితే దానికి బానిస కావడం, 16.9 అయితే ఊరికే వాడకం. డాక్టరు వాడకం అనీ చెడు వాడకం అనీ రెండూ రాస్తే చెడు వాడకమే వెయ్యాలి. బానిస అని కూడా రాస్తే అదొక్కటే వెయ్యాలి. పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. ఊరికే "వాడాడు" అని మాత్రమే రాస్తే అసలు కోడే వెయ్యకూడదు. ఆ వాడకం వల్ల ఫలానా జబ్బు వచ్చిందని డాక్టరు ముడిపెట్టి రాస్తేనే వెయ్యాలి. ఆ ముడి నేను వెయ్యడానికి వీల్లేదు, ఎంత స్పష్టంగా కనిపిస్తున్నా సరే.

ఇందులో ఒక తిరకాసు ఉంది. 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 అబ్యూజ్, డిపెండెన్స్ అనే మాటలు తీసేసింది. వాటి బదులు లక్షణాలు లెక్కపెట్టమంది. ఏడాదిలో రెండు మూడు ఉంటే స్వల్పం, నాలుగైదుంటే మధ్యస్థం, ఆరు, అంతకన్నా ఎక్కువ ఉంటే తీవ్రం. మిగతా చాలా మత్తులకి పదకొండు లక్షణాలు. వీటికి పదే, ఎందుకంటే మానేస్తే ఒళ్ళు వణకడం లాంటి బాధ వీటికి లెక్కలో లేదు. డాక్టర్లు మాట మార్చుకున్నారు గానీ కోడ్ పుస్తకం మార్చుకోలేదు. డాక్టరు మర్యాదగా "స్వల్ప స్థాయి" అని రాస్తాడు. నేను ఎఫ్16.10 వేస్తాను. అవతల బిల్లు మీద దాని పేరు అబ్యూజ్ అనే పడుతుంది. డబ్బు లెక్కల్లో ఇంతకన్నా చిత్రాలున్నాయి. కౌన్సెలింగ్ 52 నిమిషాలు జరిగితే 90834, ఇంకొక్క నిమిషం కూర్చుంటే 90837. వాటికి నవ్వుకుంటాం. ఈ అబ్యూజ్ సంగతికి ఎప్పుడూ నవ్వలేదు, ఆలోచించనూ లేదు. మా తమ్ముడిదాకా వచ్చేవరకు.

కొత్తపేట దగ్గర మా పిన్ని కొడుకు. బెంగుళూరులో ఉద్యోగం. మొన్న కాదు, అంతకు ముందు సంక్రాంతికి ఇంటికొచ్చినవాడు భోగిమంట దగ్గర నిలబడలేక లోపలికి వెళ్ళిపోయాడు. సాయంత్రం కాలవగట్టు మీద బైకు వెళ్తుంటే దాని లైటు వెనక ఇంకో నాలుగు లైట్లు సాగుతున్నాయన్నాడు. సున్నం గోడ మీద చుక్కలు పాకుతున్నాయన్నాడు. అమలాపురంలో కళ్ళ డాక్టరు కళ్ళు శుభ్రంగా ఉన్నాయన్నాడు. తాయెత్తు కట్టారు. నాలుగు రాత్రులు నిద్ర లేక, గుండె దడతో చచ్చిపోతానని ఏడ్చాక రాజమండ్రి తీసుకొచ్చారు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గర ఐదు రోజులు ఉంచాం. ఆయన మమ్మల్ని బయటికి పంపి వాడితో మాట్లాడాడు. ఫ్రెండ్స్‌తో కలిసి నాలుగుసార్లు ఎల్‌ఎస్‌డీ స్టాంపు నాలిక మీద పెట్టుకున్నానని వాడు ఒప్పుకున్నాడు. చివరిసారి అప్పటికి మూడు నెలల కిందట.

దీనికి మా పుస్తకంలో సరిగ్గా సరిపోయే నంబరుంది: ఎఫ్16.983. మత్తు దిగిపోయాక కూడా చూపులో ఆ గీతలూ మెరుపులూ మిగిలిపోవడం. పక్కనే బ్రాకెట్లో "ఫ్లాష్‌బ్యాక్స్" అని ఉంటుంది. బానిస అయినవాడికే రావాలని లేదు, కొద్దిసార్లు తీసుకున్నవాడికీ రావచ్చు. ఆ రాత్రి ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఆ నంబరే తలుచుకుంటూ ఉన్నాను. మా వాడి జబ్బుకి ఒక పేరుంది, ఒక గది ఉంది అన్నది నాకు ధైర్యంలా అనిపించింది. పిన్నికి చెబితే "నంబరెందుకే అమ్మడూ, తగ్గుద్దా లేదా చెప్పు" అంది.

బిల్లు అరవై రెండు వేలు. ముందు బాబాయి కట్టేశాడు. తమ్ముడు సొంతంగా కట్టుకుంటున్న పాలసీకి కాగితాలు పంపాం. పదిహేను రోజులకి జవాబు: ఎక్స్‌క్లూజన్ 12 కింద తిరస్కరించడమైనది. మన దేశంలో బీమా మినహాయింపులకి కూడా కోడ్‌లున్నాయి. ఐఆర్‌డీఏఐ 2019లో అన్ని కంపెనీలకీ ఒకే వరసలో పెట్టింది. పన్నెండోది తాగుడు, మత్తుమందుల చెడు వాడకం, ఏ వ్యసనమైనా, వాటి పర్యవసానాలు. ఇంకోపక్క 2017 మానసిక ఆరోగ్య చట్టం శరీర రోగాలకి ఎలా బీమా ఇస్తారో మానసిక రోగాలకీ అలాగే ఇవ్వాలంటుంది. మానసిక రోగం అంటే ఏమిటో చెప్పేచోట మత్తుపదార్థాలతో ముడిపడిన స్థితులనీ కలిపే చెబుతుంది. రెండూ చదివితే దేన్ని నమ్మాలో తెలియదు. కంపెనీవాళ్ళకి మాత్రం సందేహం రాలేదు.

డిశ్చార్జి సమ్మరీ తీసి చూశాను. మొదటి పేజీలో, చేరిన రోజు డ్యూటీ డాక్టరు రాసింది యథాతథంగా టైపు చేశారు: "సబ్‌స్టెన్స్ అబ్యూజ్ చరిత్ర ఉంది". అంతే. నాలుగుసార్లని లేదు, ఏ పదార్థమో లేదు.

కోడర్లు డాక్టరుకి ప్రశ్న పంపడానికి నియమాలుంటాయి. జవాబు నోట్లో పెట్టినట్టు అడగకూడదు. ఇలా రాస్తే డబ్బొస్తుంది, అలా రాస్తే రాదు అన్న మాట రానివ్వకూడదు. ఇన్నేళ్ళుగా అమెరికా డాక్టర్లకి అలాగే రాశాను. రాజమండ్రి డాక్టరు ముందు కూర్చున్నప్పుడు మాత్రం నా నోట్లో ఉన్నదంతా డబ్బు మాటే. ఎలాగో దిగమింగి, "మావాడిది అలవాటాండి, చెడు వాడకమాండి, ఊరికే వాడకమాండి, మీ నోట్సులో ఏముంటే అది కాగితం మీద పెడతారా" అని అడిగాను. ఆయన తన పుస్తకం తిప్పి చూసుకుని, నాలుగుసార్లు ఎల్‌ఎస్‌డీ వాడకం, వ్యసన లక్షణాలు లేవు, చూపులో మిగిలిన దోషం, ఆందోళన అని వేరే కాగితం రాసి సంతకం పెట్టాడు.

బయటికొచ్చి చూపిస్తే పిన్ని మొహం మాడిపోయింది. "ఇందాక ఒక మాటే ఉంది. ఇప్పుడు మందు పేరు కూడా రాయించావు. అసలా మాటే లేకుండా చేయించమంటే ఇదా నువ్వు చేసింది? నిద్ర పట్టలేదని రాస్తే ఆయన సొమ్మేం పోయింది?" బాబాయికి పోలీసుల భయం. మత్తుమందుల చట్టంలో వాడినందుకు కూడా శిక్ష ఉన్నమాట నిజమే, సెక్షన్ 27. వ్యసనంలో పడినవాడు తనంతట తాను చికిత్సకి వస్తే కేసు నుంచి విడిచిపెట్టే 64ఏ కూడా అదే చట్టంలో ఉందని చెప్పాను. "మరి మావాడికి వ్యసనం లేదని ఇప్పుడే రాయించావుగా" అన్నాడు బాబాయి. నాకు జవాబు దొరకలేదు. ఒక కాగితానికి వాడు వ్యసనపరుడు కాకూడదు, ఇంకో కాగితానికి అయ్యుండాలి.

కొత్త కాగితంతో మళ్ళీ పంపాం. మళ్ళీ తిరస్కరించారు. ఈసారి "పర్యవసానాలు" అన్న మాట పట్టుకున్నారు. అది నేను ముందే ఊహించాల్సింది. డాక్టరు ముడి వెయ్యకపోతే ఎఫ్16.983 లేదు, ముడి వేస్తే అది పర్యవసానమే అవుతుంది. నేను కోరి వేయించుకున్న ముడి అది. బీమా అంబుడ్స్‌మన్‌కి రాద్దామన్నాను. "ఇంకో ఆఫీసులో కూడా వాడి పేరు పక్కన ఆ మాట ఉండాలా?" అన్నాడు బాబాయి. అరవై రెండు వేలూ కొబ్బరి డబ్బుల్లోంచి పోయాయి. పిన్ని నాతో ఏడు నెలలు మాట్లాడలేదు.

తమ్ముడు బెంగుళూరులోనే ఉన్నాడు. చీకట్లో డ్రైవింగ్ చెయ్యడు. తెల్ల గోడ మీద చుక్కలు ఇంకా ఉన్నాయట, పట్టించుకోవడం మానేశాడట. "అక్కా, నా నంబరేంటన్నావు?" అని ఒకసారి ఫోన్లో అడిగి రాసుకున్నాడు. ఎందుకురా అంటే, "దీని గురించి చదవాలంటే ఏ పేరుతో వెతకాలో తెలియట్లేదు" అన్నాడు.

మొన్న ఉగాది వెళ్ళాక పిన్ని ఫోన్ చేసింది. సంబంధాలు చూస్తున్నారట. బయోడేటా టైపు చేసి పెట్టమంది. ఎత్తు, జీతం, నక్షత్రం, రెండెకరాల కొబ్బరితోట అన్నీ చెప్పి, కాసేపు ఆగి, "చివర్న రాస్తారు కదే, అది కూడా రాయి" అంది. ఏదని అడగలేదు. మన దగ్గర అరలు మూడు లేవు. రోజూ తాగేవాడికీ, ఒక్కసారి తాగినవాడికీ ఉన్నది ఒకటే మాట. డాక్టరిచ్చిన రెండో కాగితం నా దగ్గరే ఉంది. బీరువాలోంచి తీసి ఇంకోసారి చదువుకున్నాను. వ్యసన లక్షణాలు లేవు అనే ఉంది.

"అబ్బాయికి ఏ అలవాట్లూ లేవు" అని టైపు చేసి పిన్నికి పంపాను.