బొచ్చు రాలని కుక్క

"దీనికి బొచ్చు రాలదండీ, ఎలర్జీ ఉన్నా ఏం పర్లేదు." కుక్కపిల్లల్ని అమ్మేవాళ్ళ దగ్గర ఈమధ్య తరచుగా వినిపించే మాట ఇది. పూడిల్ అయినా, షిట్జూ అయినా, మాల్టీస్ అయినా ఇదే హామీ. ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. కుక్కలంటే ప్రాణం, ఒంటికి మాత్రం పడవు. అలాంటి నాకు ఈ మాట నిజమైతే ఎంత బాగుండుననిపిస్తుంది.

కానీ బాధపెట్టేది బొచ్చు కాదు. కుక్క లాలాజలంలో, మూత్రంలో, ఒంటిమీంచి చుండ్రులా రాలే పొట్టులో ఉండే ప్రోటీన్లు. వాటిలో ముఖ్యమైనది 'క్యాన్ ఎఫ్ 1'. బొచ్చు లేని కుక్కకైనా నాలుక ఉంటుంది, చర్మం ఉంటుంది. స్నేహితుల ఇంట్లో షిట్జూ ప్రేమగా నా మణికట్టు నాకితే చాలు, కాసేపటికి నాలుక తగిలినంత మేరా ఎర్రగా దద్దుర్లు లేస్తాయి. బట్టల మీద వెతికినా ఒక్క వెంట్రుక కనబడదు.

పరిశోధనలూ ఇదే చెప్పాయి. 2011లో అమెరికాలో కుక్కలున్న ఇళ్ళలోని ధూళిని పరీక్షిస్తే, ఎలర్జీ తేవని పేరున్న జాతులకూ మిగతావాటికీ తేడా కనబడలేదు. 2012లో నెదర్లాండ్స్‌లో చూస్తే, ఆ పేరున్న జాతుల బొచ్చులోనే క్యాన్ ఎఫ్ 1 ఎక్కువగా ఉంది.

అసలు లాబ్రడూడుల్ అనే సంకరజాతి కథే మనకు మంచి పాఠం. 1980ల చివర్లో హవాయిలో చూపులేని ఒకావిడకు దారి చూపే కుక్క కావాల్సి వచ్చింది. భర్తకేమో కుక్కలు పడవు. ఆస్ట్రేలియాలో దారి చూపే కుక్కల్ని తయారుచేసే వాలీ కాన్రాన్ లాబ్రడార్‌ను పూడిల్‌తో కలిపితే మూడు పిల్లలు పుట్టాయి. వాటి బొచ్చు, లాలాజలం హవాయికి పంపి చూస్తే ఆ భర్తకు పడింది ఒక్కటే, పేరు సుల్తాన్. తోడబుట్టిన మూడింటికే పొంతన లేనప్పుడు, జాతి మొత్తానికి ఎవరు పూచీ ఇవ్వగలరు?

అందుకని ఎంచుకోవాల్సింది జాతిని కాదు, ఫలానా కుక్కని. ముందు చర్మ పరీక్ష చేయించుకోండి. తుమ్ములకు కారణం ఇంటి దుమ్ములోని పురుగులో, బొద్దింకలో కూడా కావచ్చు. కొందరికి మగకుక్కల్లో మాత్రమే తయారయ్యే 'క్యాన్ ఎఫ్ 5' ఒక్కటే పడదు; వాళ్ళకు ఆడకుక్కతో ఇబ్బంది లేకపోవచ్చు. ఉబ్బసం ఉంటే డాక్టరు సరే అన్నాకే ముందుకెళ్ళాలి. ఆ తర్వాత తెచ్చుకోదలచిన కుక్క దగ్గరకే నాలుగైదుసార్లు వెళ్ళి, గంటల తరబడి ఒళ్ళో పెట్టుకుని చూడండి. ఇంటికొచ్చాక పడకగదిలోకి రానివ్వకుండా, వారానికి రెండుసార్లు స్నానం చేయిస్తే బాధ కొంత తగ్గుతుంది.

జాతితో పనిలేదని తేలాక, మన ఎండలకు అలవాటుపడ్డ ఊరకుక్క పిల్లను ఎందుకు పెంచుకోకూడదు? ఏ కుక్కయినా సరే, పడుతుందో లేదో తెచ్చుకోకముందే తేల్చుకోండి. మనల్ని నమ్మి గుమ్మం ఎక్కినదాన్ని తుమ్ములొస్తున్నాయని మాత్రం వీధిలో వదిలేయకండి.