సుత్తి దెబ్బకు కారు పుడుతుంది!

కారు బాడీ అనగానే పెద్ద ఫ్యాక్టరీ, టన్నుల బరువుతో రేకును ఒత్తేసే యంత్రాలు గుర్తొస్తాయి. కానీ ఓ సుత్తి, ఓ కొయ్యమొద్దు, ఓ ఇసుక సంచి ఉంటే చాలు... చదును రేకును కారుగా మలిచేవాళ్లు మన మధ్యే ఉన్నారు. ఆ విద్య సంగతేంటో తెలుసుకోవడానికి 163వ నంబరు జాతీయ రహదారి మీద అలా వెళ్లొద్దామా!

హైదరాబాద్ పోలీసు అకాడమీ కూడలి దాటి మొయినాబాద్ వైపు తిరిగితే ఓ పక్క గండిపేట, మరో పక్క హిమాయత్‌సాగర్. 1908 మూసీ వరదల తర్వాత నగరాన్ని కాపాడేందుకు కట్టిన జలాశయాలివి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. మొయినాబాద్ దగ్గర పక్కకు మళ్లితే చిలుకూరు బాలాజీ గుడి. తిన్నగా సాగితే చేవెళ్ల, ఆపైన మన్నెగూడ. ఆ 46 కిలోమీటర్ల దారికి గొడుగు పట్టినట్టు సుమారు 900 మర్రిచెట్లు! రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టేయొద్దంటూ హరిత ట్రిబ్యునల్‌లో ఏళ్ల తరబడి వాదనలు నడిచిన సంగతి పాఠకులకు తెలిసిందే.

ఈ ప్రాంతంలో పెద్ద కార్ఖానాలు పెద్దగా కనిపించవు. జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలకు అడ్డుకట్ట వేసింది. 2022లో ఆంక్షలు సడలించినా పూలతోటలు, కూరగాయల మడుల నేల ఇది. ఇక్కడ లోహం పని అంటే చాలావరకు రోడ్డు పక్క షెడ్డే. ట్రాక్టరు మడ్‌గార్డు, ఆటో తలుపు, సొట్టపడ్డ జీపు... అన్నిటికీ అదే ఆసుపత్రి. కారు బాడీని చేత్తో తయారుచేసే విద్యకు ఓనమాలు దిద్దేదీ అలాంటి చోటే.

చూడటానికి సులువే అనిపిస్తుంది. కానీ రేకు కాగితం కాదు. కాగితాన్ని ఒకవైపు వంచగలం, గిన్నెలా మాత్రం చేయలేం. ఎటు చూసినా గుండ్రంగా ఉండే మడ్‌గార్డు కావాలంటే రేకు కొన్నిచోట్ల సాగాలి, కొన్నిచోట్ల కుదించుకుపోవాలి. విద్యంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. మిల్లీమీటరు మందం కూడా లేని ఉక్కు రేకును ఇసుక సంచి మీదో, గుంట చెక్కిన కొయ్యమొద్దు మీదో పెట్టి కొయ్య సుత్తితో కొడితే మధ్యభాగం పలచబడి సాగుతుంది. అప్పుడు అంచులు అప్పడంలా అలలు తిరుగుతాయి. ఆ మడతల్ని ఒక్కోటే పట్టి, చివర్నుంచి లోపలికి కొట్టుకుంటూ వస్తే లోహం తనలో తానే ఇమిడిపోతుంది. కుదించడమంటే అదే.

ఆ తర్వాత నునుపు చేయడం. రేకు కింద ఎడమచేత్తో డాలీ అనే ఇనుప దిమ్మెను ఆనించి, పైనుంచి సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేయాలి. బలం కాదు, లెక్క ముఖ్యం. ఒక్క దెబ్బ ఎక్కువైతే రేకు అనవసరంగా సాగి, నూనె డబ్బా అడుగులా ‘టప్ టప్’మంటుంది. అప్పుడు ఆ చోటును గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, తడిబట్టతో చల్లార్చి బిగువు తేవాలి. పైగా కొట్టేకొద్దీ లోహం మొండికేస్తుంది, గట్టిపడి పగుళ్లిస్తుంది. కాబట్టి మధ్యమధ్యలో కాల్చి మెత్తబరచాలి. అల్యూమినియం కాలినా రంగు మారదు, ఉన్నట్టుండి కరిగిపోతుంది. అందుకే దానిమీద సబ్బు రుద్ది కాలుస్తారు. సబ్బు గీత ముదురు గోధుమరంగుకు తిరిగితే చాలు, మంట తీసేయాలన్నమాట!

ఎగుడుదిగుళ్లను పట్టేది కన్ను కాదు, అరచెయ్యి. రేకు మీద చెయ్యి పారించి, కంటికి కనబడని ఎత్తుపల్లాల్ని పసిగడతారు. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. పాడైన రేకులు గుట్టగా పేరుకున్నాకే చేతికి అబ్బుతుంది.

ఈ విద్య ఎంతదూరం వెళ్లగలదో చూడాలంటే బహదూర్‌పురాలో జూపార్కు దగ్గరున్న సుధా కార్స్ మ్యూజియానికి వెళ్లాలి. కె.సుధాకర్ 2010లో తెరిచిన ఈ మ్యూజియంలో క్రికెట్ బ్యాటు, వంకాయ, బర్గరు, హైహీల్ చెప్పు, లిప్‌స్టిక్ ఆకారంలో కార్లుంటాయి. అవి వట్టి బొమ్మలు కావు, నడుస్తాయి! పాత సామానుతో సైకిళ్లు చేయడంతో మొదలైన ఆయన సరదా... 2005 జులై 1న 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిల్‌తో గిన్నిస్ పుస్తకానికెక్కింది.

చిత్రమేంటంటే ఇదే 163వ రహదారి నగరానికి అటువైపు, వరంగల్ దారిలో, పెంబర్తి మీదుగా వెళ్తుంది. కాకతీయుల కాలం నుంచీ ఇత్తడి రేకును సుత్తితో, ఉలితో దేవతామూర్తులుగా మలుస్తున్న ఊరది. 2010లో భౌగోళిక గుర్తింపూ దక్కింది. అక్కడ ఇత్తడి, ఇక్కడ ఉక్కు. సూత్రం మాత్రం ఒకటే... సాగదీయడం, కుదించడం.

మరి కష్టం ఎక్కడుంది? ఇప్పటి కార్లకు సొట్టపడితే ఆ భాగాన్నే విప్పేసి కొత్తది బిగిస్తున్నారు. చిన్నా చితకా గుంటలైతే లప్పం పెట్టి రంగేస్తున్నారు. దాంతో సుత్తి పట్టడం నేర్చుకోవాల్సిన అవసరం కుర్రాళ్లకు రావడం లేదు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం వాడిన 1912 నాటి రోల్స్‌రాయిస్ చూశారుగా! లండన్‌లోని బార్కర్ కంపెనీ బాడీ కట్టిన కారది. అలాంటివాటికి విడిభాగాలు ఏ దుకాణంలోనూ దొరకవు. పాత కారును బతికించాలంటే ఆ రేకును ఎవరో ఒకరు చేత్తో చేయాల్సిందే. చేతులు నేర్వకపోతే ఆ కార్లూ పోతాయి.

ఆసక్తి ఉన్న పిల్లలకు ఐటీఐల్లో షీట్ మెటల్ వర్కర్, ఆటో బాడీ రిపేర్ అనే ఏడాది కోర్సులున్నాయి. వాటితో ఆగకుండా మంచి మేస్త్రీ దగ్గర రెండేళ్లు చేయి తిరగనిస్తే విద్య అబ్బుతుంది. ఒక్క జాగ్రత్త... రిజిస్ట్రేషన్ పత్రాల్లోని తయారీదారు వివరాలకు భిన్నంగా వాహనం రూపు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కాబట్టి సొంత డిజైను కారు ప్రదర్శనకు ముద్దే కానీ, రోడ్డెక్కించే ముందు రవాణాశాఖను అడగాలి.

ఈసారి చిలుకూరు వెళ్లొచ్చేటప్పుడు దారిపక్క షెడ్డులోంచి టకటకమని చప్పుడు వినిపిస్తే పిల్లలతో కలిసి రెండు నిమిషాలు ఆగి చూడండి. అక్కడ తయారవుతున్నది మడ్‌గార్డు ఒక్కటే కాదు, ఓ పనిమంతుడి చెయ్యి కూడా!