రూపం పోయింది, కర్బనం మిగిలింది

నవంబరు 14, శుక్రవారం

సెకండియర్ పేపర్లు దిద్దుతున్నాను. రూపాంతర శిలల్లో శిలాజాలు ఎందుకు అరుదు? రెండు మార్కులు. "వేడికీ ఒత్తిడికీ నాశనమవుతాయి" అని దాదాపు అందరిదీ ఒకటే జవాబు. తప్పు కాదు, మార్కులు వేయక తప్పదు. కానీ నాశనమంటే ఏం జరిగినట్టు? గవ్వ కాలిపోయిందా, పిండి అయిందా, కరిగి కారిపోయిందా? చాలాసార్లు మూడూ కాదు. గవ్వలోని సరుకంతా ఆ రాతిలోనే ఉంటుంది. గైడు పుస్తకాలు అక్కడిదాకా వెళ్ళవు.

నవంబరు 16, ఆదివారం

కిరండూల్ పాసింజర్‌లో పిల్లల్ని బొర్రాకు తీసుకెళ్ళాను. గుహలో గైడు టార్చి వేసి శివలింగం, తల్లీబిడ్డ అంటూ చూపిస్తున్నాడు. వెనక ఒక బుడతడు "అది డైనోసార్ ఎముకా నాన్నా?" అన్నాడు. అది చుక్క చుక్కగా నీళ్ళు పేర్చిన సున్నం, నిన్నమొన్నటిది. అసలు పాతది దాని వెనకున్న గోడ.

బయట, రోడ్డు కోసిన చోట అదే రాతిని లెన్సుతో చూపించాను. పటికబెల్లం పలుకుల్లా మెరిసే కాల్సైట్ గింజలు, ఒకదాన్నొకటి ఒరుసుకుని, సందు లేకుండా. మధ్యలో లేతాకుపచ్చ డయాప్సైడ్. ఇదంతా ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. ఆ బురదా కాల్సైటే, ఏ సున్నపురాయిలోనైనా ఉండే గవ్వా ఎక్కువగా కాల్సైటే. ఎంతో లోతున వేడెక్కినప్పుడు రాయి కరగకుండానే చిన్న గింజలు పెద్దవాటిలో కలిసిపోతాయి, గింజల హద్దులు జరుగుతూ పోతాయి. గవ్వ ఎక్కడ ఆగి బురద ఎక్కడ మొదలైందో చెప్పే గీత అలా చెరిగిపోతుంది. డోలమైటూ ఇసుకలోని సిలికా కలిసి డయాప్సైడ్‌గా మారిన చోట పాత ఖనిజమే మిగలలేదు, ఇక దాని ఆకారం సంగతేముంది!

నవంబరు 17

ఒకమ్మాయి అడిగింది: "రాయి మరీ పాతదై శిలాజాలు పోయాయేమో మేడమ్?"

మంచి ప్రశ్న. మన తూర్పు కనుమల రాళ్ళు సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందట బాగా ఉడికాయి. వాటి మూల అవక్షేపాలు అంతకన్నా పాతవి. అప్పటికి గవ్వలున్న జంతువులే లేవు. దొరికితే గిరికితే సూక్ష్మజీవుల పొరలు దొరకాలి. అవి కడప ప్రాంతపు వేంపల్లె డోలమైట్‌లో ఉన్నాయి, స్ట్రొమటోలైట్ల రూపంలో, వంకీ వంకీగా. ఆ రాయి సుమారు 190 కోట్ల ఏళ్ళ నాటిది! వయసే కారణమైతే ముందు అవే పోవాలి. కడప రాళ్ళు చాలా మటుకు అంత లోతుకు దిగలేదు. మనవి 25–30 కిలోమీటర్ల కిందికి దిగి, కొన్నిచోట్ల 900 డిగ్రీలు దాటాయి. పులివెందుల దగ్గర వేంపల్లె డోలమైట్‌ను కూడా కిందనుంచి చొచ్చుకొచ్చిన వేడి శిలాద్రవం తాకింది. తాకిన అంచున అది రాతినారగా మారింది. మార్చేది వయసు కాదు, వేడి.

నవంబరు 21

"అరుదు" అన్నమాట సరైనదే, "లేవు" అనకూడదు. ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్, డెలబోల్ పలకరాయి గనిలో డెవోనియన్ కాలపు బ్రాకియోపాడ్ గవ్వలు ఒక పక్కకు సాగి, రెక్కలు చాచినట్టు దొరుకుతాయి. అక్కడివాళ్ళు సీతాకోకచిలుకలంటారు. అసలు ఆకారం తెలుసు కాబట్టి, రాయి ఎంత సాగిందో ఆ వంకర గవ్వతోనే లెక్క కట్టొచ్చు. చెక్కుచెదరని శిలాజం కన్నా అదే నాకు ఎక్కువ ముద్దు.

పలకరాయి స్వల్పంగా మారిన రాయి, సరే. కానీ నార్వేలో బెర్గెన్ దగ్గర భూవిజ్ఞాని హాన్స్ రాయిష్ అంతకన్నా ఎక్కువ మారిన అభ్రకపు షిస్టులో సిలూరియన్ శిలాజాలు చూపించాడు (1882). 1963లో బూకో, థాంప్సన్ అనే భూవిజ్ఞానులు న్యూహాంప్‌షైర్‌లో సిలిమనైట్ ఖనిజం ఏర్పడేంత వేడిని తట్టుకున్న బ్రాకియోపాడ్లను వర్ణించారు. గవ్వకీ చుట్టూ ఉన్న రాతికీ ఖనిజం వేరైనప్పుడు, ఒత్తిడి మరీ నలిపెయ్యనప్పుడు, గీత కొంత నిలబడుతుంది.

నవంబరు 27

సింహాచలం కొండవాలు. ఖోండలైట్ అనే రాతి ముక్కలో ఎర్రటి గార్నెట్లు, తెల్లటి సిలిమనైట్ పుల్లలు, వేలికి నల్లగా అంటే గ్రాఫైట్ రేకులు. భీమిలి ఒడ్డున అల తీశాక మిగిలే ఎర్ర చారలు ఇలాంటి గార్నెట్లే.

ఆ గ్రాఫైట్ ఒకప్పటి బురదలో చచ్చిన జీవపదార్థం కావచ్చు. జీవులు తేలిక కర్బనాన్ని, అంటే కార్బన్-12ను, ఎక్కువగా తీసుకుంటాయి. గ్రాఫైట్‌లో ఆ పాలు ఎక్కువుంటే అనుమానం బలపడుతుంది. అయితే పక్కనే పాలరాయి ఉంటే ఆ వేడిలో రెండూ కర్బనాన్ని మార్చుకుంటాయి, లెక్క తారుమారవుతుంది. అందుకే పరీక్షకు ముక్క ఏరాల్సివస్తే బొర్రా పరిసరాల్లో ఏరను, సున్నపురాయి జాడలేని ఇలాంటి వాలునే చూసుకుంటాను.