నవ్వుకి కూలి ఎంత?

పెంటపాడులో మా పిన్ని కూతురు మగ్గం వర్క్ జాకెట్లు చేస్తుంది. మొన్న వాళ్ళ మామగారి అన్నయ్య పోయారు. ఇంకా మైల తీరలేదు. పెరట్లో ఫోను గోడకి ఆనించి, కొత్త చీర కట్టుకుని, "హాయండీ, అందరూ బావున్నారా?" అని నవ్వుతోంది. నేను తెల్లబోయాను.

"ఏం చెయ్యనక్కా, నాలుగు రోజులు వీడియో పెట్టకపోతే చూసేవాళ్ళు సగానికి పడిపోయారు. పెళ్ళిళ్ళ రోజులు ఇవే కదా" అంది.

నాకు కోపమొచ్చింది. వాళ్ళాయన నాలుగో రోజే తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌కి వెళ్ళిపోయాడు. సరుకు కుళ్ళిపోతుంది కదా అని అందరం సమాధానపడ్డాం. మరి దీని సరుకు?

మొదట్లో అది జాకెట్ల ఫొటోలే పెట్టేది. ఎవరూ చూడలేదు. ముఖం చూపించాక చూశారు. తరవాత వంటిల్లు, పిల్లలు, పూజగది అన్నీ ఫోనులోకొచ్చాయి. లావుందని, నల్లగా ఉందని రాసేవాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళకీ నవ్వుతూనే జవాబివ్వాలి.

మా జిల్లాలోని నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ 1982లో పుస్తకం రాసింది. వాళ్ళ లేసు విదేశాలకి పోయేది. వాళ్ళు మాత్రం తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులుగానే లెక్క. ఆ మాటతోనే కూలి తగ్గించారు. ఇప్పుడు మా చెల్లి వీడియోల్ని ఇంట్లోవాళ్ళు "ఫోను పిచ్చి" అంటున్నారు. అప్పుడు అల్లిక కనబడేది, మనిషి కనబడేది కాదు. ఇప్పుడు మనిషి కనబడుతోంది, ఆ కనబడడం వెనకున్న చాకిరీ కనబడడం లేదు.

పోనీ ఆ పేరైనా తనదా? 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించారు. అక్కడ ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న ప్రేక్షకులు ఎందరికో రాత్రికి రాత్రే లేకుండా పోయారు. మనం ముగ్గేసి అలంకరించే ఆ వాకిలి మనది కాదు.

"నవ్వక్కర్లేదు, జాకెట్టు చూపించు చాలు" అన్నాను. నా మాట విని అలాగే పెట్టింది. ఆ వారం రెండే ఆర్డర్లొచ్చాయి. సలహా నాది, నష్టం దానిది! నాకు సిగ్గేసింది.

మళ్ళీ నవ్వుతోంది. నేను ఇప్పుడు వద్దనడం లేదు. జాకెట్టు ధర కట్టేటప్పుడు పూసలు, దారం పక్కన వీడియోకి పట్టిన గంటలూ రాయమంటున్నాను. మొన్న మొదటిసారి రాసింది. ఆ కాగితం చూసి వాళ్ళాయన, "ఇంతసేపు పడుతుందా?" అన్నాడు.