లోపలికి పంపే ముందు

మాంచెస్టర్ యూనివర్సిటీ రోబో ల్యాబులో నడుమెత్తు ప్లైవుడ్ పలకలతో గదులు, సందులు కట్టారు. వాటి మధ్య జాకల్ అనే నాలుగు చక్రాల రోబో తిరుగుతోంది. 17 కిలోల బరువు. పైన చుట్టూ దూరాలు కొలిచే లేజర్ పరికరం. ఒక మూల దగ్గరికి వచ్చి ఆగింది, వెనక్కి తగ్గింది, వేరే సందులోకి తిరిగింది. ఆ మూలలో ఏమీ లేదు. అక్కడ రేడియేషన్ ఉన్నట్టు కంప్యూటర్ దానికి అంకెలు పంపుతోంది, అంతే.

"ఇప్పుడు సరిగ్గానే చేసింది. ఎప్పుడూ ఇలాగే చేస్తుందని మాత్రం ఇవాళ మీకు హామీ ఇవ్వలేను. ఆ హామీ ఎంతవరకు ఇవ్వొచ్చు అన్నదే నా పరిశోధన" అన్నారు నన్ను తీసుకెళ్లిన పీహెచ్‌డీ విద్యార్థిని.

ఇలాంటి రోబోలకు అసలు పని ఉన్నది ఇక్కడికి వాయవ్యాన, ఐరిష్ సముద్రం ఒడ్డున ఉన్న సెల్లాఫీల్డ్‌లో. బ్రిటన్ తన అణుబాంబుకు ప్లుటోనియం తయారు చేసుకున్నది అక్కడే. 1956లో కాల్డర్ హాల్ విద్యుత్ కేంద్రం మొదలైందీ, మరుసటి ఏడాది అక్టోబరులో విండ్‌స్కేల్ రియాక్టర్ అంటుకుందీ అక్కడే. ఇప్పుడు జరుగుతున్నది శుభ్రం చేసే పని. ఇంధన కడ్డీల మీద నుంచి ఒలిచిన మెగ్నీషియం లోహపు తొడుగులను నీళ్లలో ముంచి దాచిన పాత కట్టడం ఒకటుంది. అందులో 22 గదులు. వేసిన రోజుల్లో తీయడం గురించి ఆలోచించినవాళ్లు లేరు, ఎందులో ఏం పడిందో పూర్తి లెక్కలూ లేవు. 2022లో గానీ బయటికి తోడటం మొదలవలేదు. మొత్తం ప్రాంగణాన్ని శుభ్రం చేయడానికి 2125 దాకా పడుతుందనీ, 13,600 కోట్ల పౌండ్లు ఖర్చవుతుందనీ బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం 2024లో చెప్పిన అంచనా. ఇవాళ పుట్టిన బిడ్డ మునిమనవల కాలానికి కూడా ఆ పని నడుస్తూనే ఉంటుంది. ఒక తరం వాడుకున్న కరెంటుకు, చేసుకున్న బాంబుకు ఇన్ని తరాలు చాకిరీ చేయాలా అని నాకు కోపం వచ్చింది. చేయక తప్పదు. చేసేటప్పుడు మనుషుల ఒళ్లు కాలకుండా చూడటమే మిగిలింది.

మనుషులను పంపితే ఏమవుతుందో 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం చూపించింది. రియాక్టర్ భవనం కప్పు మీదికి పంపిన యంత్రాలు మొరాయిస్తే సైనికులకు పారలిచ్చి ఎక్కించారు. వాళ్లకు పెట్టిన పేరు బయోరోబోలు. ఆ పేరు ఎప్పుడు చదివినా నాకు మనసు చివుక్కుమంటుంది. ఫుకుషిమా నాటికి యంత్రాలు మెరుగుపడ్డాయి, కష్టాలు మాత్రం తీరలేదు. 2011 అక్టోబరులో క్విన్స్ అనే రోబో రెండో యూనిట్ భవనంలో కేబుల్ పాడై మూడో అంతస్తులోనే ఉండిపోయింది. 2017 ఫిబ్రవరిలో తోషిబా తయారుచేసిన తేలు ఆకారపు రోబో అదే యూనిట్‌లో ఇరుక్కుపోతే అక్కడే వదిలేశారు. చెత్తను చూడటానికి వెళ్లింది ఆ చెత్తలోనే కలిసిపోతుంది, పైగా వెనక వచ్చేవాటి దారికి అడ్డం.

మందపాటి కాంక్రీటు గోడలు దాటి రేడియో సిగ్నల్ సరిగా అందదు. కేబుల్ కడితే ఎక్కడో ఒకచోట చిక్కుకుంటుంది. అందుకే రోబో కొంతవరకైనా తన నిర్ణయం తాను తీసుకోవాల్సి వస్తోంది. మాంచెస్టర్ వాళ్లు తయారుచేసిన కార్మా అనే రోబో సెల్లాఫీల్డ్‌లో అలాగే తనంతట తాను తిరుగుతూ నేల మీద కాలుష్యం వెతికింది. తేలికపాటి పనుల్లో దీనికి అభ్యంతరం చెప్పేవాళ్లు తక్కువ. పొరపాటు జరిగితే సరిదిద్దుకోలేని గదిలోకి పంపాలన్నప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి.

ఇక్కడి రోబోల్లో చాలావాటికి రోస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆధారం. అందులో దారి వెతికే ప్రోగ్రాం ఒకటి, చక్రాలు తిప్పేది ఒకటి, రేడియేషన్ చదివేది ఇంకొకటి, అన్నీ ఒకదానికొకటి సందేశాలు పంపుకుంటూ ఉంటాయి. ఏ సందేశం ముందు అందుతుందో ప్రతిసారీ ఒకేలా ఉండదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. ఈ ప్రోగ్రాములకు ఆ లెక్క పనికిరాదు. వందసార్లు బాగా నడిచిన రోబో నూట ఒకటోసారి రెండు సందేశాలు తారుమారైతే మంచి దారి వదిలి చెడ్డ దారి పట్టొచ్చు. అందుకే వీళ్లు పరీక్షలతో పాటు మోడల్ చెకింగ్ చేస్తారు. రోబో ప్రవర్తనను గణితంలో రాసి, ఆ నమూనాలో సాధ్యమైన ప్రతి దారినీ కంప్యూటర్ చేత నడిపిస్తారు.

అణు విజ్ఞానానికీ, ప్రోగ్రాముల నిరూపణకూ మాంచెస్టర్ కొత్త కాదు. రూథర్‌ఫర్డ్ 1911లో పరమాణువుకు కేంద్రకం ఉందని తేల్చింది ఈ యూనివర్సిటీలోనే. ఒక ప్రోగ్రాం సరైనదేనని ఎలా నిరూపించాలో ఆలన్ ట్యూరింగ్ 1949లో కేంబ్రిడ్జి సదస్సులో వివరించినప్పుడు ఆయన ఉద్యోగం ఇక్కడే. ఆ రెండు పనులూ ఈ ల్యాబులో ఒకే బల్ల మీదికి వచ్చాయి.

ఆ విద్యార్థిని నన్ను స్క్రీను ముందు కూర్చోబెట్టి రెండు నియమాలు చూపించారు. మొదటిది: బ్యాటరీ ఒక హద్దు కన్నా తగ్గితే, ఉన్న ఛార్జ్ అయిపోయేలోగా రోబో బయటికి చేరాలి. రెండోది: రేడియేషన్ ఒక హద్దు దాటిన గదిలోకి ఎప్పటికీ అడుగు పెట్టకూడదు. రెండూ ఎవరైనా ఒప్పుకునే నియమాలే. బటన్ నొక్కారు. క్షణంలో ఎర్ర అక్షరాలు పడ్డాయి, వాటి కింద వరసగా అడుగులు. ఒక్కోదాని మీద వేలు పెట్టి చదివారు: రోబో చివరి గదిలో ఉంది, కొలత పని అయింది, ఈలోగా మధ్య గదిలో రేడియేషన్ హద్దు దాటింది, బ్యాటరీ తగ్గింది, బయటికి మిగిలిన దారి ఆ మధ్య గదిలోంచే. వెళ్తే రెండో నియమం పోతుంది, ఆగితే మొదటిది పోతుంది. నమూనాలో రోబో అక్కడే నిలబడిపోయింది. ఆఖరి వరుసలో ఛార్జ్ సున్నా.

"కోడ్‌లో తప్పు లేదు. మేం అడిగినదే కుదరదు" అన్నారామె.

ల్యాబు నేల మీద ఎన్నాళ్లు తిప్పినా ఇది బయటపడకపోవచ్చు. అన్నీ ఒకేసారి కలిసిరావాలి కదా. ఈ పని విలువ నాకు ఆ ఎర్ర అక్షరాల దగ్గర తెలిసింది. రోబో బాగుందని చెప్పడం కన్నా ఎక్కడ చేతులెత్తేస్తుందో ముందే చెప్పడం ఎక్కువ ఉపకారం.

అయితే నిరూపణ జరిగేది నమూనా మీద. అసలు గదిలో తేమ ఉంటుంది, దుమ్ము ఉంటుంది, రేడియేషన్‌కు కెమెరా చిత్రంలో చుక్కలు పడతాయి, చిప్పులు దెబ్బతింటాయి. సెన్సర్ సరిగ్గా చదువుతుందని నమూనాలో అనుకున్నాం, అక్కడ చదవకపోతే? ఇందుకోసం రన్‌టైమ్ మానిటర్ అనే చిన్న ప్రోగ్రాం పెడతారు. అది రోబోను నడపదు. లోపల తిరిగే సందేశాలను చూస్తూ, ముందుగా రాసుకున్న ఊహల్లో ఏదైనా తప్పగానే హెచ్చరిస్తుంది. ఆమె రేడియేషన్ సెన్సర్ వైరు పీకేశారు. రోబో ఏమీ ఎరగనట్టు ఇంకాస్త దూరం పోయింది. తర్వాత మానిటర్ నుంచి ఎర్ర గీత వచ్చింది, చక్రాలు ఆగాయి. ఆ కాస్త దూరం ఎంతకు మించకూడదన్నదే ఆమె ఇప్పుడు తేలుస్తున్న లెక్క.

బ్రిటన్‌లో అణు భద్రత చూసే ఓఎన్‌ఆర్ ఫలానా సాఫ్ట్‌వేర్ వాడమని చెప్పదు. వాడేది సురక్షితమని ఆధారాలతో నిరూపించాల్సిన బాధ్యత ప్రాంగణం నడిపే సంస్థదే. కృత్రిమ మేధను అణు రంగంలో వాడేటప్పుడు ఏం ఆలోచించాలో ఓఎన్‌ఆర్, అమెరికా, కెనడాల నియంత్రణ సంస్థలు కలిసి 2024 సెప్టెంబరులో ఒక పత్రం వెలువరించాయి. అంటే తలుపు మూసి లేదు, ఊరికే తెరిచీ లేదు.

ఆ రెండు నియమాల్లో ఏది గెలవాలి అని అడిగాను. "అది నేను తేల్చేది కాదండీ" అన్నారు. రోబో ఆగిపోతే ఆ గదిలో పని ఎంతకాలం నిలిచిపోతుందో, రేడియేషన్ ఎక్కువున్న గదిలోంచి వస్తే దాని చక్రాలకు అంటిన కాలుష్యం ఎవరు కడగాలో, ఆ కడిగేవాళ్లకు ఎంత డోసు పడుతుందో ప్లాంటులో పనిచేసేవాళ్లకే తెలుసు. నోటుబుక్కులో ఆ ప్రశ్నలన్నీ రాసి పెట్టుకున్నారు. వాటికి జవాబులు వచ్చేదాకా రెండో నియమం పక్కన ప్రశ్నార్థకం అలాగే ఉంచుతానన్నారు.